అరచేతి కంప్యూటర్ – అంతర్జాల సంధానం: చిత్తూరు, తిరుపతి ప్రాంతాల అనుభవం (2002–2024)

వ్యాససంగ్రహం:
చేతిలో ఇమిడే కంప్యూటర్‌ను అంతర్జాలానికి కలపడం చూడటానికి చిన్న సాంకేతిక ప్రక్రియ. కానీ గత రెండు దశాబ్దాల్లో దక్షిణ రాయలసీమలో పింఛను, రేషన్, ధ్రువపత్రం వంటి అవసరాలన్నీ ఆ ప్రక్రియ మీద ఆధారపడ్డాయి. కుప్పంలో 2002లో మొదలైన ఐ-కమ్యూనిటీ ప్రయోగం, తిరుపతి కేంద్రంగా ఉన్న విద్యుత్ పంపిణీ సంస్థ బిల్లింగ్ యంత్రం, 2011లో చిత్తూరు జిల్లాలో ఆరంభమైన మీసేవ, 2015 తరువాత వచ్చిన ఈ-పాస్ యంత్రం, 2019 నాటి వాలంటీరు ఫోన్ అనే ఐదు దశలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరికరం ఎప్పుడు వచ్చిందనే దానికన్నా, దానిని అనుసంధానించే పని ఎవరి చేతిలో ఉంది, అది తెగిపోయినప్పుడు నష్టం ఎవరిది అనే ప్రశ్నలే ఈ చరిత్రకు కీలకమని ప్రతిపాదిస్తుంది. ఈ క్రమంలో తెలుగు భాష నిర్వహించిన పాత్రను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: అరచేతి కంప్యూటర్, అంతర్జాల సంధానం, కుప్పం, మీసేవ, ఈ-పాస్, సాంకేతిక పదజాలం.

1. ఉపోద్ఘాతం

రేషన్ దుకాణం ముందు వరుసలో నిలబడినవారికి "టవర్ లేదు, కాసేపుండండి" అన్న మాట కొత్తది కాదు. ఒక తరం కిందట ఇదే వరుసలో వినిపించిన మాట "సరుకు రాలేదు" అన్నది. సరుకు రాకపోతే ఎవరిని అడగాలో ఊరికి తెలుసు. డీలరును అడగవచ్చు, తహసీల్దారు కార్యాలయానికి వెళ్లవచ్చు. టవర్ లేకపోతే ఎవరిని అడగాలి? ఈ వ్యాసానికి ప్రేరణ ఆ ప్రశ్నే.

మన ప్రాంతంలో కంప్యూటర్ చరిత్రను రాసేటప్పుడు సాధారణంగా పరికరాలు, పథకాలు, ప్రారంభోత్సవ తేదీలు వరుసగా పేర్కొంటారు. సంధాన ప్రక్రియను మాత్రం యంత్రాంగానికి సంబంధించిన చిల్లర పనిగా వదిలివేస్తారు. నిజానికి ఒక చేతి పరికరం అంతర్జాలానికి కలవాలంటే నాలుగు అంశాలు ఒకచోట కుదరాలి. మొదటిది పరికరం. రెండవది సంకేతాలను మోసే మార్గం, అంటే టెలిఫోన్ తీగ గానీ, టవర్ గానీ, ఫైబర్ గానీ. మూడవది ఆ మార్గంలో ప్రవేశించడానికి నింపవలసిన వివరాలు, అంటే వాడుకలో 'సెట్టింగ్స్'. నాలుగవది ప్రవేశించేవారి గుర్తింపు, అంటే సంకేతపదం లేదా వేలిముద్ర. ఈ నాలుగింటిలో ఏది ఎవరి అధీనంలో ఉందో దశలవారీగా చూస్తే మన ప్రాంతపు సాంకేతిక చరిత్ర వేరే రూపంలో కనిపిస్తుంది.

ఈ వ్యాసంలో 'చిత్తూరు' అన్న మాటను 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడివడక ముందున్న ఉమ్మడి జిల్లా అన్న అర్థంలో వాడుతున్నాను.

2. నేపథ్యం: చేతిలోకి వచ్చిన కంప్యూటర్

భారతదేశంలో ప్రజలకు అంతర్జాల సేవ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే అమెరికాలో పామ్ పైలట్ అనే అరచేతి కంప్యూటర్ విడుదలైంది. 2000లో మైక్రోసాఫ్ట్ పాకెట్ పీసీ వచ్చింది. ఇవి తొలుత చిరునామాలు, దినచర్యలు రాసుకునే పరికరాలు. మేజా మీది కంప్యూటర్‌తో తీగ ద్వారా కలిసి సమాచారాన్ని సరిచూసుకోవడమే వాటికి తెలిసిన సంధానం.

వాటిని నేరుగా అంతర్జాలానికి కలపాలంటే పెద్ద తతంగమే ఉండేది. మోడెమ్‌ను టెలిఫోన్ తీగకు తగిలించాలి. సేవాసంస్థ నంబరు, వాడుకరి పేరు, సంకేతపదం నింపాలి. సెల్‌ఫోన్లలో జీపీఆర్‌ఎస్ వచ్చిన తరువాత తీగ పోయింది గానీ తతంగం పోలేదు. ఫోన్‌ను ఇన్‌ఫ్రారెడ్ లేదా బ్లూటూత్ ద్వారా చేతి కంప్యూటర్‌తో జత చేసి, *99# అన్న సంఖ్యకు డయల్ చేయించి, 'యాక్సెస్ పాయింట్' పేరును ఒక్క అక్షరం తప్పకుండా నింపవలసి వచ్చేది. ఒక్కో సంస్థకు ఒక్కో పేరు ఉండేది. అక్షరం తప్పితే సందేశం ఇంగ్లీషులో వచ్చేది, కారణం మాత్రం తెలిసేది కాదు.

ఈ స్థితికి సమాధానంగా మన పొరుగున బెంగళూరులో సింప్యూటర్ రూపుదిద్దుకొంది. భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అధ్యాపకులు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఇంజనీర్లు కలిసి 2001 ఏప్రిల్‌లో దీనిని ప్రకటించారు. లినక్స్ ఆధారంగా పనిచేసే ఈ పరికరాన్ని సుమారు 9,000 రూపాయలకు అందించాలన్నది సంకల్పం. ఇందులో రెండు ఆలోచనలు మన చర్చకు ముఖ్యమైనవి. ఒకటి, చదువురానివారికి భారతీయ భాషల్లో చదివి వినిపించే ఏర్పాటు. రెండు, స్మార్ట్‌కార్డు. ఒకే పరికరాన్ని ఊరంతా పంచుకోవచ్చు, ఎవరి కార్డు పెడితే వారి వివరాలు వస్తాయి. అంటే పరికరం ఊరిది, గుర్తింపు మనిషిది. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారీతో 'అమిడా' పేరిట ఇది విపణిలోకి వచ్చినా అమ్మకాలు ఆశించిన స్థాయికి చేరలేదు. పరికరం నిలవలేదు గానీ, ఆ రెండు ఆలోచనలూ తరువాతి దశల్లో వేరే రూపాల్లో తిరిగి వచ్చాయి.

3. కుప్పం ఐ-కమ్యూనిటీ: సంధానం ఒక కేంద్రంలో

కుప్పం మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న నియోజకవర్గం. తెలుగు, తమిళం, కన్నడం ఒకే సంతలో వినిపించే చోటు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ ఏర్పడటానికి ఈ త్రిభాషా పరిసరం తగిన భూమిక. 1989 నుంచి ఈ స్థానానికి ప్రాతినిధ్యం వహిస్తున్న నారా చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 2002 ఫిబ్రవరిలో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఇక్కడ ఐ-కమ్యూనిటీ ప్రయోగాన్ని ప్రారంభించాయి. దీనికి మూడేళ్ల వ్యవధి నిర్ణయించుకొన్నారు.

ఈ ప్రయోగంలో ప్రధానమైనవి సమాచార కేంద్రాలు. స్థానికులే నడిపే ఈ కేంద్రాల్లో కంప్యూటర్, అంతర్జాలం, ప్రభుత్వ సమాచారం లభించేవి. ఇక్కడ సంధాన ప్రక్రియ మొత్తం కేంద్ర నిర్వాహకుని అధీనంలో ఉంటుంది. సెట్టింగ్స్ నింపేది అతడే, సంకేతపదం అతని దగ్గరే. గ్రామస్థునికి కనిపించేది ఫలితం మాత్రమే. ఒకరకంగా ఇది పూర్వపు ఎస్టీడీ బూత్ పద్ధతికి కొనసాగింపు. లైను కలవకపోతే మరొకసారి ప్రయత్నించే బాధ్యత బూత్ యజమానిదే, కలవని లైనుకు డబ్బు అడిగేవారు కారు.

మహిళా స్వయంసహాయక సంఘాల సభ్యులకు అప్పగించిన ఫోటో పరికరాలు ఈ ప్రయోగంలో మరొక విశేషం. డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటర్, సౌరవిద్యుత్ పలక కలిపి మోసుకుపోగలిగే సరంజామా అది. ఊరూరా తిరిగి గుర్తింపు కార్డులకు, శుభకార్యాలకు ఫోటోలు తీసి అక్కడికక్కడే ముద్రించి ఇచ్చేవారు. సంస్థకు చెందిన డెబ్రా డన్, కీత్ యమషితాతో కలిసి 2003 ఆగస్టులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంతో కుప్పం పేరు ప్రపంచ నిర్వహణశాస్త్ర తరగతుల్లోకి వెళ్లింది. చేతి పరికరాల చరిత్ర దృష్టితో చూస్తే ఇక్కడ గమనించదగినది ఒకటుంది. ఆ సరంజామా పనిచేయడానికి నెట్‌వర్క్ అక్కరలేదు, ఎండ ఉంటే చాలు. సంధానం మీద ఆధారపడని పరికరాన్ని పల్లె స్త్రీలు తమ వృత్తిసాధనంగా మలుచుకోగలిగారు. పరికరం పనిచేయడం, ఆగిపోవడం రెండూ వారి కళ్లెదుటే జరిగేవి.

2004లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2005 ఫిబ్రవరిలో సంస్థ అధినేత్రి కార్లీ ఫియోరినా పదవి నుంచి వైదొలగారు. అదే ఏడాది మూడేళ్ల వ్యవధి ముగిసింది. మానవశాస్త్రవేత్త ఆంకె ష్విట్టే 2008లో ప్రచురించిన పరిశోధనవ్యాసంలో ఈ ప్రయోగాన్ని 'సజీవ ప్రయోగశాల' అన్న కోణంలో విశ్లేషించారు. అభివృద్ధి లక్ష్యానికీ విపణి లక్ష్యానికీ నడుమ ఉన్న పెనుగులాటను ఆ పేరే సూచిస్తుంది. ప్రయోగశాలలో ప్రయోగం ముగిసే తేదీని నిర్ణయించేది ప్రయోగకర్త. ఊరికి ఆ అధికారం లేదు.

4. నిలవచేసి పంపే యంత్రం నుంచి మీసేవ వరకు

కుప్పం ప్రయోగానికి ప్రపంచ ప్రచారం లభించిన కాలానికి అటూఇటూగా మరొక చేతి కంప్యూటర్ ఏ ప్రచారమూ లేకుండా మన ఇళ్ల ముందుకు వచ్చింది. అది కరెంటు బిల్లు కొట్టే యంత్రం. 2000 ఏప్రిల్ 1న ఏర్పడిన దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు తిరుపతి ప్రధాన కేంద్రం. మీటరు చూసి, అంకె నొక్కి, ఇంటి ముందే బిల్లు చింపి ఇచ్చే స్పాట్ బిల్లింగ్ పద్ధతి చేతి కంప్యూటర్‌ను ప్రతి గడపకూ పరిచయం చేసింది. దానిని ఎవరూ కంప్యూటర్ అనలేదు, 'బిల్లు మిషన్' అన్నారు.

ఈ యంత్రం తొలిరూపం నిలవచేసి పంపే పద్ధతిలో పనిచేసింది. ఉదయం కార్యాలయంలో ఆ వీధి వివరాలను యంత్రంలోకి ఎక్కిస్తారు. పగలంతా నెట్‌వర్క్‌తో నిమిత్తం లేకుండా అది పనిచేస్తుంది. తిరిగివచ్చాక రీడింగులను కార్యాలయపు కంప్యూటర్‌లోకి దింపుతారు. 'ఎక్కించడం', 'దింపడం' అన్న మాటలు బండిమీద బస్తాల వాడుక నుంచి సహజంగా వచ్చి చేరాయి. సిగ్నల్ లేని కొండపల్లెలో కూడా బిల్లు ఆగలేదు. సంధానం ఆలస్యమైతే ఆ ఆలస్యం కార్యాలయంలో సర్దుకొనేది, వినియోగదారుని గడప దాకా వచ్చేది కాదు. సంధాన వైఫల్యం భారాన్ని వ్యవస్థ తానే మోసే రూపకల్పన ఇది.

2011 నవంబర్ 4న మీసేవ చిత్తూరు జిల్లాలో ఆరంభమైంది. జిల్లాకు చెందిన నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డి అప్పటి ముఖ్యమంత్రి. రెవెన్యూ ధ్రువపత్రాలు డిజిటల్ సంతకంతో కౌంటర్ వద్ద లభించే ఈ ఏర్పాటు కుప్పం కేంద్రాల ఆలోచనకు ప్రభుత్వ రూపమని చెప్పవచ్చు. అయితే ఒక తేడా ఉంది. కుప్పంలో కేంద్రానికి వెళ్లడం ఐచ్ఛికం. మీసేవతో కులధ్రువపత్రానికి, ఆదాయపత్రానికి ఆ కౌంటరే ప్రధాన ద్వారమైంది. తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగవలసిన శ్రమ తగ్గింది, దళారీల అవసరం తగ్గింది. ఇది కాదనలేని లాభం. అదే సమయంలో 'సర్వర్ పనిచేయడం లేదు' అన్న కొత్త సమాధానం పరిపాలనా భాషలోకి ప్రవేశించింది. ఆ సమాధానానికి ఎదురు ప్రశ్న వేసే వీలు దరఖాస్తుదారునికి లేదు.

5. ఈ-పాస్, వాలంటీరు ఫోన్: ప్రతి చెల్లింపుకూ సంధానం

2015లో ఆంధ్రప్రదేశ్ రేషన్ దుకాణాల్లో ఈ-పాస్ యంత్రాలు ప్రవేశించాయి. చేతిలో ఇమిడే పరికరం, లోపల సిమ్, పైన వేలిముద్ర పలక. రూపంలో ఇది బిల్లు మిషన్‌కు తోబుట్టువే అయినా పనిచేసే పద్ధతి పూర్తిగా భిన్నం. వేలిముద్రను సరిపోల్చేది ఆ పరికరం కాదు, ఎక్కడో ఉన్న ఆధార్ సర్వర్. అంటే ప్రతి కుటుంబానికి, ప్రతి నెలా, ఆ క్షణంలో సంధానం ఉంటేనే బియ్యం తూకానికి వస్తాయి. నిలవచేసి తరువాత పంపే అవకాశాన్ని ఈ రూపకల్పన ప్రాథమికంగా కోరుకోదు.

దీనివల్ల కలిగిన ప్రయోజనాలను విస్మరించరాదు. లేని పేర్లమీద సరుకు పోవడం కష్టమైంది. కార్డు ఉన్నవారు వేరే దుకాణంలోనూ సరుకు తీసుకొనే వెసులుబాటు వచ్చింది. పనికోసం పల్లె విడిచి తిరుపతికి చేరిన కుటుంబాలకు ఇది నిజమైన ఆసరా. కాగా సింప్యూటర్ ఊహించిన 'పరికరం ఊరిది, గుర్తింపు మనిషిది' అన్న సూత్రం ఇక్కడ నెరవేరిందనే చెప్పాలి. కానీ ఒక మార్పుతో నెరవేరింది. సింప్యూటర్‌లో గుర్తింపు మనిషి జేబులోని కార్డులో ఉంటుంది. ఈ-పాస్‌లో గుర్తింపు మనిషి వేలిలో ఉన్నట్లు కనిపిస్తుంది గానీ, దానిని ధ్రువీకరించే అధికారం దూరపు సర్వర్‌లో ఉంది. వ్యవసాయకూలీల, వృద్ధుల వేళ్లు అరిగి ముద్ర కుదరని సందర్భాల కోసం రెండు వేళ్ల ముద్రలను కలిపి చూడటం, కనుపాపను పరీక్షించడం, గ్రామ రెవెన్యూ అధికారి ధ్రువీకరణ వంటి ప్రత్యామ్నాయాలను ప్రభుత్వం కల్పించింది. ప్రత్యామ్నాయాల అవసరం ఏర్పడటమే సమస్య తీవ్రతకు నిదర్శనం.

2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి నెలకు 149 రూపాయలకు ఇళ్లకు అంతర్జాలం ఇవ్వడానికి పూనుకొంది. కానీ ఫైబర్ గోడ దాకా వస్తుంది. చేతి పరికరం వీధిలో తిరుగుతుంది. దానికి దిక్కు మొబైల్ టవరే. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చౌకైన మాట నిజమే గానీ, చౌక కావడం, అందడం ఒకటి కావు.

2019 ఆగస్టు 15న గ్రామ వాలంటీర్ల వ్యవస్థ, అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. సుమారు 50 కుటుంబాలకు ఒక వాలంటీరు. 2020 ఫిబ్రవరి నుంచి ఫోన్, వేలిముద్ర పరికరంతో వాలంటీరు ఇంటికే వచ్చి పింఛను ఇచ్చే పద్ధతి అమలైంది. అంతకుముందు సంధానం ఉన్న చోటికి మనిషి వెళ్లవలసి వచ్చేది, ఇప్పుడు మనిషి ఉన్న చోటికి సంధానాన్ని తీసుకురావలసి వచ్చింది. సిగ్నల్ ఎక్కడ అందుతుందో వెదకడం, ఫోన్‌ను ఆపి మళ్లీ వేయడం, పరికరాన్ని తిరిగి జత చేయడం, అవ్వ వేలు తుడిచి మరొకసారి పెట్టించడం వంటి పనులన్నీ ఆ వాలంటీరు భుజాన పడ్డాయి. ఏ ఉత్తర్వులోనూ పేరులేని ఈ శ్రమే పథకాన్ని నడిపించింది. 2024 ఎన్నికల సమయంలో ఎన్నికల సంఘం ఆదేశాలతో వాలంటీర్లు పింఛను పంపిణీకి దూరమయ్యారు. ఆ ఏడాది జూలై 1 నుంచి సచివాలయ ఉద్యోగులు ఆ పని చేపట్టారు. చేతులు మారాయి, చేతిలోని పని మారలేదు.

6. సంధానం – తెలుగు భాష

తెలుగు లిపికి 1991లోనే యూనికోడ్ తొలి ప్రమాణంలో స్థానం దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఖతితో తెలుగును చూపగలిగింది. కానీ అరచేతి తెరమీదికి తెలుగు రావడానికి మరో పదేళ్లు పట్టింది. ఆండ్రాయిడ్ 4.1 రూపంలో 2012లో తెలుగు లిపి ప్రదర్శన చేరింది. అంతకుముందు ఆ తెరలపై తెలుగు అక్షరాల స్థానంలో ఖాళీ గడులు కనిపించేవి. తరువాత కూడా మన అక్షర నిర్మాణం ఆ యంత్రాలకు పూర్తిగా అలవడలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క అక్షరరూపం సందేశంగా వస్తే ఐఫోన్‌లోని అనువర్తనాలు స్తంభించిపోయిన ఉదంతం ప్రపంచవార్త అయింది. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే దిద్దుబాటు విడుదల చేసింది. ఒక సంయుక్తాక్షరాన్ని సరిగా పరీక్షించకపోవడం ఎంత దూరం వెళ్తుందో దానితో తెలిసింది.

పుస్తకాల్లో మనం 'అంతర్జాలం', 'అనుసంధానం', 'చరవాణి' అని రాస్తున్నాం. వరుసలో నిలబడినవారి భాష వేరు. అక్కడ 'టవర్ వచ్చింది', 'నెట్ పోయింది', 'సిగ్నల్ అందడం లేదు' అన్న వాడుకలు వినిపిస్తాయి. వీటిలో 'పడు' ధాతువు ప్రవర్తన ప్రత్యేకంగా పరిశీలించదగినది. 'వేలిముద్ర పడలేదు', 'డబ్బు ఖాతాలో పడింది', 'బిల్లు పడింది', 'పేరు లిస్టులో పడలేదు' అంటారు. ఈ వాక్యాల్లో ఎక్కడా చేసేవాడు లేడు. ముద్రను తిరస్కరించిందెవరో, పేరును చేర్చనిదెవరో వాక్యంలో కనిపించదు. వాన పడినట్టే డబ్బు పడుతుంది, పడకపోతే పడదు. కర్త కనిపించని వ్యవస్థకు ప్రజలు కర్త లేని వాక్యాన్నే ఎన్నుకొన్నారు. ఇది అజ్ఞానం కాదు, తమ స్థితికి సరిపడే వ్యాకరణం.

దీనికి భిన్నంగా సెట్టింగ్స్ తెర చాలాకాలం ఇంగ్లీషులోనే ఉంది. తెలుగు అనువాదం వచ్చిన ఫోన్లలో కూడా పలువురు దానిని ఇంగ్లీషులోనే ఉంచుకొంటారు. అనువదించిన పదం వారికి ఏ పనినీ గుర్తుచేయకపోవడమే దీనికి ఒక కారణం. పదం శబ్దార్థంతో సరిపోవడం వేరు, చేసే పనిని గుర్తుకుతేవడం వేరు. 'ఎక్కించడం', 'దింపడం' వంటి మాటలకు ఉన్న బలం అదే. సాంకేతిక పదజాల నిర్మాణంలో నిఘంటువుతోపాటు కౌంటర్ దగ్గరి సంభాషణను కూడా ఆధారంగా స్వీకరించవలసిన అవసరం ఇక్కడ స్పష్టమవుతుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. దక్షిణ రాయలసీమలో చేతి పరికరాల చరిత్ర ఒకే దిశలో సాగిన ప్రగతికథ కాదు. బిల్లు మిషన్ నెట్‌వర్క్ లేకుండా పనిచేసింది, దాని తరువాత వచ్చిన ఈ-పాస్ నెట్‌వర్క్ లేకుండా పనిచేయలేకపోయింది. సంధానం పెరిగినకొద్దీ ఆధారపడటమూ పెరిగింది.

2. సంధాన వైఫల్యం భారాన్ని ఎవరు మోయాలన్నది యంత్రం స్వభావం కాదు, రూపకల్పనలో తీసుకొన్న నిర్ణయం. ఒక పద్ధతిలో కార్యాలయం మోసింది, మరొక పద్ధతిలో వరుసలో నిలబడిన మనిషి మోస్తున్నాడు.

3. కుప్పం కేంద్ర నిర్వాహకుడు మొదలుకొని వాలంటీరు వరకు, పరికరానికీ ప్రజలకూ మధ్య నిలిచిన మనుషుల శ్రమే ఈ వ్యవస్థలను నిలబెట్టింది. పథకాల నివేదికల్లో యంత్రాల సంఖ్య ఉంటుంది గానీ ఈ శ్రమకు లెక్క లేదు.

4. ఈ అనుభవాన్ని ప్రజలు తమ మాటల్లో ఇప్పటికే నిక్షిప్తం చేశారు. ఆ మాటలను మాండలిక పరిశోధనలో భాగంగా సేకరించవలసి ఉంది. వ్యవసాయ, చేనేత వృత్తిపదాలను సేకరించిన సంప్రదాయం మనకు ఉంది. రేషన్ దుకాణం, సచివాలయం, మీసేవ కౌంటర్ల పదజాలం కూడా ఆ కోవకు చెందినదే.

"టవర్ లేదు" అన్న మాట దగ్గర మొదలైన ఈ చర్చను అక్కడే ముగించడం సముచితం. ఆ మాటతో డీలరు అబద్ధం చెప్పలేదు, వ్యవస్థ తప్పు ఒప్పుకోలేదు, అవ్వ మాత్రం సంచితో వెనుదిరిగింది. ఆ రోజు ఆమె పేరు ఎదుట ఏ నమోదూ ఉండదు. విఫలమైన ప్రయత్నాల నమోదు కూడా ప్రజలకు అందుబాటులో ఉన్ననాడే ఈ చరిత్రను సమగ్రంగా రాయడానికి వీలవుతుంది.